పార్క్ స్ట్రీట్‌లో మా గోల

మేము నలుగురం ఖిదిర్‌పూర్ తెలుగు బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. మా నాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడరేవు డాకులో పనిచేసినవాళ్ళు. ఇప్పుడు మా అందరికీ యాభై దాటింది. మాలో ఒకామె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఒకామెకు బెహాలాలో చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. మూడో ఆమె ఒక ఆడపిల్లల ఇంగ్లీషు బడిలో ఆటల టీచర్. నేను మేము చదివిన బడిలోనే తెలుగు చెబుతున్నాను. రాస్తే రాసుకో గానీ మా పేర్లు మాత్రం పెట్టకు అని ముగ్గురూ ముందే చెప్పారు కాబట్టి, వాళ్ళు చేసే పనులతోనే వాళ్ళను పిలుస్తాను.

పెళ్ళిళ్ళయి తలో మూలకు వెళ్ళాక కూడా మేము కలుసుకుంటూనే ఉన్నాం. ఎవరింట్లోనో పేరంటానికో, దసరా పూజ సెలవుల్లో అమ్మవారి పందిళ్ళు చూడ్డానికో. కానీ ఎవరింట్లో కలిసినా ఆ ఇంటి మనిషి వంటగదిలోనే ఉండిపోయేది. మిగతా ముగ్గురం ముందు గదిలో కూర్చుని ఆమెను కేకేసి పిలుస్తూ మాట్లాడేవాళ్ళం. ఒక ఏడాది పార్లర్ ఆమె కూతురికి సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. ఆ పిల్ల మా నలుగురినీ పార్క్ స్ట్రీట్‌లో పెద్ద రెస్టారెంటుకు తీసుకెళ్ళింది. ఎవరూ లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళనక్కర్లేకుండా మేము నలుగురం ఒకే బల్ల చుట్టూ భోజనం మొదటి నుంచి చివరి దాకా కూర్చోవడం బడి రోజుల తరవాత అదే మొదలు.

మొదట్లో భయపడ్డాం. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, బరువైన ఫోర్కులు, తలపాగా చుట్టుకుని తలుపు తీసే మనిషి. మెనూ వెనక ముఖం దాచుకుని గుసగుసలాడుకున్నాం. కాసేపటికి చుట్టూ చూస్తే తెలిసింది, అక్కడ గుసగుసలాడేది మేమొక్కళ్ళమేనని. పక్కన రిటైరయిన బెంగాలీ పెద్దమనుషుల బృందం ఫుట్‌బాల్ గురించి బల్ల గుద్ది మరీ వాదించుకుంటోంది. ఇంకో మూల మార్వాడీ కుటుంబాల ఆడవాళ్ళు ఫోను చేతులు మార్చుకుంటూ పకపకా నవ్వుతున్నారు. ఈ బెంగాలీ ఊళ్ళో నలుగురు కూర్చుని ఊరికే మాట్లాడుకోవడాన్ని అడ్డా అంటారు. అరుగు మీదైనా, పార్క్ స్ట్రీట్‌లోనైనా అది మెల్లగా జరిగే పని కాదు.

మా ఆటల టీచర్ అప్పుడు గొంతు విప్పింది. ఆమె గొంతు గురించి చెప్పాలి. చిన్నప్పుడు డాకు క్వార్టర్స్ కింద నిలబడి ఒక్క కేక వేస్తే మూడో అంతస్తులో మా అమ్మ పొయ్యి మీద నుంచి గిన్నె దించి బయటికొచ్చేది. ఆ గొంతుతోనే ఆమె ఇన్నేళ్ళూ మైదానంలో పిల్లల చేత పరుగులు తీయించింది. కథ చెబితే ఆ కథలో ఉన్న ప్రతి మనిషిలాగా మాట్లాడేది. ఆ రోజు వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ స్పోర్ట్స్ డే నాడు శాంతి పావురాన్ని ఎగరేయబోతే అది ఎగరకుండా ఆవిడ తల మీద కూర్చున్న వైనం చెప్పింది. మేము కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. ఫుట్‌బాల్ పెద్దమనుషులు వాదన ఆపి మావైపు చూశారు.

అప్పటి నుంచి రెండు మూడు నెలలకొక ఆదివారం మధ్యాహ్నం అక్కడికే వెళ్ళడం అలవాటైంది. మమ్మల్ని చూస్తే వెయిటరు గోడ పక్క బల్ల చూపించేవాడు, మా చప్పుడుకు అదే తగిన చోటని కాబోలు. ఒకసారి మా పక్కన ఒంటరిగా సూప్ తాగుతూ పేపరు చదువుకుంటున్న ముసలాయన లేచి వేరే బల్లకు మారిపోయాడు. మేనేజరు వచ్చి చేతులు కట్టుకుని, "ఏక్టు ఆస్తే, దీదీ" అన్నాడు, కొంచెం మెల్లగా అని. మా ఆటల టీచర్ అక్కడి నుంచే ఆ ముసలాయనకు "సారీ దాదా" అని చెప్పింది. ఆ సారీ వంటగది దాకా వినిపించింది. ముసలాయన నవ్వాడో విసుక్కున్నాడో పేపరు అడ్డుండటం వల్ల కనబడలేదు.

ఆటల టీచర్ మెడలో గడ్డ బయటపడింది కూడా ఆ బల్ల దగ్గరే. ఏదో మాటకు తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. ఎదురుగా కూర్చున్న నర్సు నవ్వడం ఆపేసి, చెయ్యి చాచి ఆమె గొంతు మీద వేలు పెట్టింది.

"ఇదేటే ఇక్కడ, బుడిపిలా ఉంది?"

"ఏటుంటాది, తిన్న ముక్క దిగినట్టు లేదు."

"మింగు. ఇంకోపాలి మింగు. రేపు పొద్దున్నే నా దగ్గరికి రా."

"రేపు ఇంటర్ స్కూల్ పోటీలున్నాయే."

"పోటీలు నీ గురించి ఆగవు. నువ్వు రా."

థైరాయిడ్‌లో గడ్డ. పరీక్షల్లో అది మంచిది కాదని తేలింది. త్వరగా దొరికిందని అందరూ అన్నారు. ఆపరేషన్‌లో గడ్డ మొత్తం తీసేశారు. గొంతుకు వెళ్ళే నరం ఒకటి దానికి అతుక్కుపోయి ఉందని, దాన్ని కూడా వదులుకోక తప్పకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అలాగే జరిగింది. ప్రాణానికి భయం లేదు, మందులు వాడితే చాలన్నారు. కట్లు విప్పాక ఆమె నోరు తెరిస్తే గాలి వచ్చింది. గాలిలో మాటలున్నాయి కానీ వాటిని వినాలంటే ఆమె పెదవుల దగ్గర చెవి పెట్టాలి.

బడివాళ్ళు మంచివాళ్ళే, ఆమెను మైదానం నుంచి లైబ్రరీకి మార్చారు. మేము ఫోను చేస్తే ఎత్తేది కాదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ వచ్చేది. ఏమి అడిగినా అదే బొమ్మ.

ఆమె లేకుండా ఒక ఆదివారం ముగ్గురం రెస్టారెంటుకు వెళ్ళాం. వెళ్ళకుండా ఉండాల్సింది. మా ప్లేట్ల మీద చెంచాల చప్పుడు మాకే వినిపించింది. పార్లర్ ఆమె రెండుసార్లు కథ మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. అన్నేళ్ళలో మొదటిసారి పక్క బల్లల గోల నా చెవిలో పడింది. ఎవరో నవ్వితే ఒళ్ళు మండింది. ఇంత అరవడమెందుకు, వీళ్ళకు ఇళ్ళు లేవా అనుకున్నాను. మమ్మల్ని చూసి ఎంతమంది అలా అనుకుని ఉంటారో కూడా తోచింది. ఐస్‌క్రీమ్ చెప్పకుండానే లేచి వచ్చేశాం.

ఆ తరవాతి వారం చెప్పాపెట్టకుండా ఆటల టీచర్ ఇంటికి వెళ్ళాం. ఆమె భర్త తలుపు తీశాడు. పోర్టు ఆఫీసులో పనిచేసే నెమ్మదైన మనిషి. మమ్మల్ని లోపలికి రానిచ్చి, గుమ్మం దగ్గరే గొంతు తగ్గించి అన్నాడు: "నాతో కూడా మాటాడదమ్మా. పక్క గదిలోంచి ఫోన్లో మెసేజ్ పెడతాది, టీ తాగుతావా అని. మీరైనా సెప్పండి."

ఆమె మంచం మీద బడి పిల్లల టీషర్టులకు అంకెలు కుడుతూ కూర్చుంది. మెడకు ఎండాకాలంలో కూడా స్కార్ఫ్. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చింది. పార్లర్ ఆమె ఉపోద్ఘాతం లేకుండా, "వచ్చే ఆదివారం ఎల్తన్నాం. నువ్వూ వస్తన్నావు" అంది.

ఆమె తల అడ్డంగా ఊపింది. నేను దగ్గరకు జరిగాను. "ఎందుకు రావు?"

"అక్కడ నా మాట ఎవులికి వినిపిస్తాది?" అంది. ఆ గాలి మాట వినడానికి మేము ముగ్గురం ఊపిరి బిగబట్టాం. "నాను ఒట్టి బొమ్మలా కూకోవాల. మీరు జాలిగా సూస్తారు."

"సూడం" అంది నర్సు. "నాను రోజూ ఆసుపత్రిలో సూసి సూసి, నా దగ్గర జాలి అయిపోయింది."

దానికి ఆమె భుజాలు కదిలాయి. నవ్విందని నాకు అప్పుడు తెలియలేదు, ఏడుస్తోందనుకున్నాను.

ఆదివారం వచ్చింది. స్కార్ఫ్ కట్టుకుని, మంచి తాంత్ నూలు చీర కట్టుకుని ఆమె కూడా వచ్చింది. వెయిటరు ఆమెను చూసి ముఖమంతా వెలిగిపోతూ, చాన్నాళ్ళయింది దీదీ అన్నాడు బెంగాలీలో. ఆమె తలూపింది. గోడ పక్క బల్ల అప్పటికే నిండిపోయింది, మమ్మల్ని హాలు మధ్యలో కూర్చోబెట్టాడు. మా వెనక బల్లలు కలిపి వేసిన పెద్ద వరుసలో కంప్యూటర్ ఆఫీసుల పిల్లలు పదిమందికి పైగానే ఉన్నారు. ఎవరికో ప్రమోషన్ వచ్చినట్టుంది. పేరు పెట్టి అరుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు, ఫొటో తీసిన ప్రతిసారీ మళ్ళీ అరుస్తున్నారు.

వెయిటరు మా దగ్గరకు వచ్చి ఆమె వైపు వంగాడు. ఆమె నోరు తెరిచేలోపే పార్లర్ ఆమె, "తనకి సూప్" అంది. "కారం లేకుండా" అన్నాను నేను. "మెత్తగా ఉండేది ఏదైనా, ముళ్ళు లేని చేప" అంది నర్సు. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచి చేతులు కడుక్కునే చోటికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. అద్దం ముందు నిలబడి కుళాయి తిప్పి చేతులు కడగకుండా నీళ్ళనే చూస్తోంది. నేను కుళాయి కట్టేశాను, లేకపోతే ఆమె మాట వినిపించదు.

"ఏటయింది?"

"నాను సచ్చిపోయానేటి?" అంది. "ముగ్గురూ కలిసి నా తరపున సెప్పేస్తన్నారు. గొంతు పోయింది గానీ నోరు పోలేదు. సూప్ నాకెప్పుడైనా ఇష్టమేనా?"

నిజమే, ఆమెకు సూప్ ఇష్టం లేదు. ముసలాళ్ళ తిండి అనేది.

"ఎల్లిపోదామా?" అని అడిగాను.

ఆమె స్కార్ఫ్ విప్పింది. మెడ మీద గాటు ఎర్రగా, అడ్డంగా, సన్నటి దండలా ఉంది. అద్దంలో దాన్ని కాసేపు చూసుకుంది. స్కార్ఫ్ మడిచి బ్యాగులో పెట్టుకుని నాకంటే ముందు బయటికి నడిచింది.

బల్ల దగ్గరకొచ్చి కూర్చుని చెయ్యెత్తింది. వెయిటరు ఆ చివర ఎవరికో నీళ్ళు పోస్తున్నాడు, చూడలేదు. "దాదా" అంది. పక్కనున్న నాకే వినబడలేదు. వెనక పిల్లలు మళ్ళీ ఒక్కసారిగా హోరెత్తారు. పార్లర్ ఆమె వెయిటరును పిలవబోతూ చెయ్యి లేపింది. ఆటల టీచర్ ఆ చెయ్యి పట్టుకుని బల్ల మీదికి దించింది. తరవాత రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

అలాంటి ఈల నేను డాకులో తప్ప ఎక్కడా వినలేదు. వాళ్ళ నాన్న ఓడలోంచి సరుకు దించే ముఠాలో ఉండేవాడు. పైన బరువులెత్తే వించి తిప్పేవాడికి ఎత్తు, దించు, ఆపు అని చెప్పడానికి ఆ రొదలో గొంతు చాలదు, ఈలలే వేసుకునేవాళ్ళు. ఆయన కొడుకులకు నేర్పబోతే వాళ్ళకు రాలేదు, పక్కన నిలబడి చూసిన కూతురికి వచ్చింది. ఈలకు గొంతు నరాలతో పనిలేదు. గాలి ఉంటే చాలు, ఆమె దగ్గర ఇప్పుడు ఉన్నదే గాలి.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఎవరి చేతిలోంచో చెంచా జారి పడింది. వెనక పిల్లలు ఎత్తిన గ్లాసులు ఎత్తినట్టే పట్టుకుని ఉండిపోయారు. వెయిటరు నీళ్ళ జగ్గుతో అలాగే నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె బెంగాలీలో, తన గాలి గొంతుతో, తొందర లేకుండా చెప్పింది. వీళ్ళు చెప్పిన సూప్ వద్దు. నాకు మటన్ కబాబ్ కావాలి. పచ్చిమిరపకాయలు కూడా తీసుకురండి.

హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించింది. "అచ్ఛా దీదీ" అన్నాడు వెయిటరు, అతను కూడా గుసగుసగానే.

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. మేనేజరు గబగబా వచ్చాడు. ఆమె మెడ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఇంకెలా పిలవమంటారు?" అని ఆమె అడిగింది. అతను ముందుకు వంగి మళ్ళీ చెప్పించుకుని విన్నాడు. విని, మీరు ఇక్కడ కూర్చున్నంతసేపూ నేనే ఈ బల్ల మీద కన్నేసి ఉంచుతాను, ఇంకోసారి ఈల మాత్రం వేయకండి అన్నాడు. అంత సేపూ మర్యాదగానే ఉన్నాడు, కానీ వెళ్ళేటప్పుడు అతని మీసం కింద నవ్వు కనబడింది.

అది నచ్చనివాళ్ళూ ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన భార్యతో లేచి వెళుతూ మా బల్ల దగ్గర ఆగాడు. ఇది మైదానం కాదు అన్నాడు ఇంగ్లీషులో. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. ఆటల టీచర్ లేచి నిలబడి దణ్ణం పెట్టింది. ఆవిడ, ఆ పెద్దాయన భార్య, భర్త చెయ్యి పట్టుకుని ముందుకు నడిపిస్తూ, వెనక్కి తిరిగి మా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు కోపంగా లేదు.

కాసేపటికి వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి మా దగ్గరికొచ్చింది. జీన్సు, మెళ్ళో ఆఫీసు కార్డు ఆదివారం కూడా.

"ఆంటీ, మీరు తెలుగోళ్ళా? మీరు మాట్లాడుకుంటుంటే విన్న. మాది కరీంనగర్. మా లొల్లి ఎక్కువైందా ఏంది? సారీ ఆంటీ."

ఆటల టీచర్ ఆ అమ్మాయిని చెయ్యి పట్టి వంచుకుంది. "సేసుకోండమ్మా. మీ వయసుకి ఆ మాత్రం సేయకపోతే ఎలా. మా గోల ఇంతకన్నా ఎక్కువే."

"మస్తు ఏసిన్రు ఈల. నాకు నేర్పరా?"

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ ఊరొచ్చి చాలా నెలలైందని, ఫోన్లో అమ్మతో తప్ప ఎదురుగా ఉన్న మనిషితో తెలుగు మాట్లాడటం ఇదే మొదలని చెప్పింది. కబాబ్ చల్లారుతుంటే ఆటల టీచర్ ఆమెకు నాలుక ఎలా మడవాలో, వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఇంకో ఇద్దరు పిల్లలు కూడా చేరారు. ఎవరికీ ఈల రాలేదు. గాలీ తుంపర్లూ వచ్చాయి. "గిట్లనా ఆంటీ?" అంటూ ఆ అమ్మాయి మా నర్సు ముఖం మీద తుంపర్లు కొట్టింది. నర్సు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాకు ఆసుపత్రే నయం" అంది.

అప్పుడు మా ఆటల టీచర్ నవ్వింది. తల వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచి, పూర్వం లాగే. చప్పుడు మాత్రం లేదు. భుజాలు ఎగురుతున్నాయి, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు గాలి వస్తోంది. మేము ముగ్గురం ఆమె బదులు కూడా నవ్వాం. మేనేజరు దూరం నుంచి చెయ్యి కిందికి ఊపుతూ మెల్లగా అని సైగ చేశాడు.

ఆ మర్నాడే ఆమె హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళి తనను మైదానానికి పంపమని అడిగింది. పెద్ద క్లాసులు ఇవ్వలేదు, చిన్న పిల్లలను ఇచ్చారు. చిన్నపిల్లలు టీచరు గుసగుసగా మాట్లాడితే అదేదో రహస్యమనుకుని చుట్టూ మూగి వింటారట. మాట నేర్పేవాళ్ళ దగ్గరకు ఏడాది పాటు తిరిగింది. గొంతు కొంచెం తేరుకుంది. గాలిలో ఇప్పుడు కాస్త జీర ఉంది. పూర్వపు గొంతు రాదని డాక్టర్లు చెప్పారు, ఆమె కూడా దాన్ని అడగడం మానేసింది.

మేము ఆదివారాలు మానలేదు. ఇప్పుడు ఆమెను గోడ వైపు మధ్యలో కూర్చోబెడతాం. ఆమె మొదలుపెడితే ముగ్గురం ముందుకు వంగుతాం, కథ అయ్యేదాకా మాలో ఎవరమూ ఫోర్కు కదపం. పక్క బల్లల వాళ్ళకు మేమేదో కుట్ర పన్నుతున్నట్టు కనబడుతుంది. కథ అయ్యాక ఎటూ మామూలు గోలే.

ఒకటి మాత్రం మారింది. గొంతు ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ నవ్వించే కథలే చెప్పేది. అంత పెద్ద గొంతుతో చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయనుకుంటాను. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, బయట పార్క్ స్ట్రీట్ అంతా నీళ్ళు నిలిచి మేము బయటికి వెళ్ళలేక రెండోసారి టీ తెప్పించుకున్నప్పుడు, ఆపరేషన్‌కు ముందు రోజు సంగతి చెప్పింది. సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక మైదానం మధ్యకు వెళ్ళి నిలబడిందట. నిలబడి, మా ముగ్గురి పేర్లూ ఒక్కొక్కటిగా, చిన్నప్పుడు క్వార్టర్స్ కింద నుంచి పిలిచినట్టు, శక్తి కొద్దీ పిలిచిందట. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి ఎవరు తప్పిపోయారు మేడమ్ అని అడిగాడట.

పార్లర్ ఆమె ముక్కు చీదుకుని, "ఫోను సేస్తే ముగ్గురం వచ్చి నిలబడేవాళ్ళం కదే" అంది.

"ఫోన్లో అలా అరిస్తే మీ సెవులు పోతాయి" అంది ఆమె. "అప్పుడు ఈ బల్ల దగ్గర ఒకరికి గొంతు లేదు, ముగ్గురికి సెవుల్లేవు. వెయిటరు ఏమైపోతాడు?"

నర్సే ముందుగా నవ్వింది.